కర్పూర వసంతరాయలు: వలపుకు పండుగ చేసిన కొండవీటి ప్రభువు

మలంచా (ఖరగ్‌పూర్): వంగభాషలో మలంచ అంటే పూలతోట. రవీంద్రనాథ్ ఠాగూర్ 1934లో ఆ పేరుతోనే ఒక నవల రచించారు. ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో ఆ పేరు మోస్తున్న పేటలో నేడు తోటల కంటే ఇళ్లు, దుకాణాలే అధికం. అయినా మాఘమాసం వచ్చిందంటే పేరు సార్థకమవుతుంది. వసంత పంచమినాడు సరస్వతీ పూజకు పసుపుపచ్చ చీరలు కట్టుకున్న అమ్మాయిలు, పైజామా లాల్చీలు తొడుక్కున్న అబ్బాయిలు వీధులు నింపేస్తారు. చదువుల తల్లి పూజ కాస్తా చూపులు కలిసే రోజుగా బెంగాల్ అంతటా పేరుపడింది. ఆ సందడికి అటో ఇటో ఫిబ్రవరి 14 వస్తుంది, గులాబీల ధర పెరుగుతుంది. ఆపైన ఫాల్గుణ పూర్ణిమకు డోల్ యాత్ర, హోలీ వస్తాయి. నెలన్నర తిరిగేలోగా మూడు వసంతాలన్నమాట.

నూరేళ్ల కిందట బెంగాల్ నాగపూర్ రైల్వేతో పాటు శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి ఈ పట్టణానికి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఈ మూడింటినీ చూస్తూనే తరాలు గడిపాయి. నడిమి దాని విషయంలో మాత్రం పెద్దలకు ఏటా ఒక సణుగుడు ఉంటుంది. ప్రేమకు పండుగేమిటి, మన ఇళ్లలో ఉన్నదేనా ఈ విడ్డూరం అని. హైదరాబాదులోనూ విజయవాడలోనూ ఆ రోజున వినిపించేది అదే మాట. ఈ సణుగుడుకు ఆరు వందల ఏళ్లనాడే జవాబు ఇచ్చిపోయిన తెలుగు రాజు ఒకరున్నారు. ఆయన పేరు కుమారగిరి రెడ్డి. లోకం ఆయనను కర్పూర వసంతరాయలు అని పిలిచింది.

కాకతీయ సామ్రాజ్యం 1323లో కూలిన తరువాత తీరాంధ్రంలో తలెత్తిన రాజ్యాల్లో రెడ్డిరాజ్యం ముఖ్యమైనది. ప్రోలయ వేమారెడ్డి అద్దంకిలో దానికి పునాది వేశాడు. ఆయన కుమారుడు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చి గిరిదుర్గాన్ని బలపరిచాడు. నేటి పల్నాడు జిల్లాలో, గుంటూరుకు పడమట ఉన్న ఆ కొండలపై కోట గోడలు, బురుజులు, చెరువులు నేటికీ కనిపిస్తాయి. ఈ అనవోతారెడ్డి కుమారుడే కుమారగిరి.

తండ్రి చేసిన పనుల్లో ఒకటి కుమారుడి కథకు ఆయువుపట్టు. 1358లో అనవోతారెడ్డి మోటుపల్లి రేవులో ఒక అభయశాసనం వేయించాడు. సముద్రంపై వచ్చే వర్తకులు నిర్భయంగా రావచ్చు, పోవచ్చు, తమ సరుకును ఇష్టమైన వారికి అమ్ముకోవచ్చు, వారసుడు లేక మరణించిన వర్తకుడి సొమ్మును రాజు తీసుకోడు అన్నది దాని సారాంశం. నూరేళ్లకు పైబడి కిందట, 1244లో, కాకతి గణపతిదేవుడు అదే రేవులో వేయించిన శాసనానికి ఇది కొనసాగింపు వంటిది. కర్పూరం, చందనం, కస్తూరి, పన్నీరు, పట్టు తెలుగు తీరానికి ధారగా దిగుమతి కావడానికి ఈ అభయమే తలుపు తెరిచింది. కొడుకు కర్పూరాన్ని గాలిలో చల్లగలిగాడంటే తండ్రి రేవును తెరిచి ఉంచడం వల్లనే.

అనవోతారెడ్డి మరణానంతరం సింహాసనం కుమారగిరికి రాలేదు. పినతండ్రి అనవేమారెడ్డి 1364లో రాజై రెండు దశాబ్దాలకు పైగా పాలించాడు. శ్రీశైలంలో వీరశిరోమండపాన్ని కట్టించినది ఈయనే. భక్తులు తమ అవయవాలనూ శిరస్సునూ శివుడికి అర్పించుకునే భయంకరమైన చోటది. అటువంటి మండపాన్ని కట్టించిన వాడే వసంతోత్సవాలనూ వైభవంగా నడిపాడనీ, వసంతరాయ బిరుదు మొదట ఆయనదేననీ చరిత్రకారులు చెబుతారు. ఒకే రాజుకు ఇటు ఆత్మార్పణ మండపం, అటు కర్పూర వసంతం ఎలా పొసిగాయో నేటి మనకు వింతగా తోస్తుంది. ఆనాటి వారికి తోచినట్లు లేదు.

1386లో అనవేముడి తరువాత కుమారగిరి కొండవీటి గద్దె ఎక్కాడు. రాజ్యం చేతికి వచ్చినా అది నిష్కంటకం కాదు. దాయాది పెదకోమటి వేముడి కన్ను మొదటి నుంచీ సింహాసనం మీదనే ఉంది. ఆ కాలంలో కుమారగిరికి కొండంత అండగా నిలిచినవాడు బావ కాటయ వేముడు. కుమారగిరి సోదరి మల్లాంబ ఆయన భార్య. కాటయ వేముడు సేనాని, మంత్రి, పండితుడు. రాజ్యభారాన్ని ఆయన భుజాలపై ఉంచడం వల్లనే రాజుకు నాట్యశాలలో కూర్చునే తీరిక చిక్కిందని చెప్పడంలో అతిశయోక్తి లేదు. ఆ విశ్వాసానికి ప్రతిఫలంగా కుమారగిరి గోదావరీ మండలంలోని రాజమహేంద్ర రాజ్యాన్ని ఆయనకు ఇచ్చిన సంగతి తొత్తరమూడి రాగిరేకులు చెబుతాయి.

ఇక పండుగ సంగతి. వసంతోత్సవం కొండవీటిలో పుట్టినది కాదు. మదనోత్సవం, కాముని పండుగ, ఫాల్గుణోత్సవం అని దీనికి ఎన్నో పేర్లు. శాతవాహన రాజు హాలుడు కూర్చాడని చెప్పే గాథాసప్తశతిలోనే ఫాల్గుణపు పండుగనాటి ఆటపాటల ప్రస్తావన ఉంది. ఏడవ శతాబ్దంలో హర్షుడు రచించిన రత్నావళి నాటిక తొలి అంకమంతా మదనోత్సవమే. కౌశాంబి పౌరులు రంగుపొడులు చల్లుకుంటూ, చిమ్మనగొట్టాలతో నీళ్లు చిమ్ముకుంటూ వీధుల్లో తిరుగుతుంటే ఉదయనుడు మేడమీది నుంచి చూస్తాడు. రాణి వాసవదత్త ఎర్రని అశోకవృక్షం కింద మన్మథుడికి పూజ చేసి, ఆపై భర్తకు పూజ చేస్తుంది. చాటుగా చూస్తున్న కథానాయిక సాగరిక ఉదయనుణ్ణి సాక్షాత్తూ మన్మథుడే అనుకుంటుంది. ప్రేమ దైవానికి పూజ, రంగులు, నీళ్లు, తోట, చాటుచూపు అన్నీ అందులో ఉన్నాయి. నేటి హోలీకి ఒంటిమీద మిగిలినవి రంగులూ నీళ్లూ మాత్రమే. మన్మథుడు జారిపోయాడు.

మన్మథుడు పండుగ దేవత కావడం వెనుక ఒక విషాదం ఉంది. తపస్సులో ఉన్న శివుడిపై పూలబాణం వేసి, మూడో కంటి మంటకు బూడిదైనవాడు ఆయన. రతీదేవి విలాపం తరువాత అనంగుడిగా, ఒడలు లేని వాడిగా తిరిగి ప్రాణం పొందాడు. తెలంగాణ పల్లెల్లో ఫాల్గుణ పూర్ణిమకు చేసే కామదహనం, ఆ ముందు రోజుల్లో పిల్లలు కోలలు కొట్టుకుంటూ పాడే జాజిరి పాటలు ఆ కథ ఛాయలే. కాముణ్ణి కాల్చడం రాత్రి పని, వసంతం చల్లుకోవడం మరునాటి పని. ప్రేమను కాల్చి, మళ్లీ బతికించుకునే పండుగ ఇది.

కొండవీటిలో ఈ పండుగ ఎలా జరిగేదో చెప్పడానికి మంచి సాక్షి రాజాస్థాన కవి కాదు, ఒక వర్తకుడు. ఆయన పేరు అవచి తిప్పయ్య సెట్టి. విక్రమసింహపురమని పేరున్న నెల్లూరికి చెందిన ఈ కోటీశ్వరుడు శ్రీనాథుడికి చిన్ననాటి నేస్తం. శ్రీనాథుడు తన హరవిలాసాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. రాజులకు కావ్యాలు అంకితమిచ్చే కాలంలో బేహారికి అంకితమివ్వడం చిన్న విషయం కాదు. ఆ కావ్యం అవతారికలో తిప్పయ్య సెట్టి ఘనతగా చెప్పిన సంగతుల్లో ప్రధానమైనది ఏటా కుమారగిరి వసంతోత్సవానికి కావలసిన సుగంధ ద్రవ్యాలను ఆయన సమకూర్చడమే. కస్తూరి, కుంకుమపువ్వు, సంకుమదం, కర్పూరం, పన్నీరు, ఇలా ఆ పట్టిక సాగుతుంది. వాటి వెంటనే ఆయన ఓడలు తిరిగిన రేవులు వస్తాయి. సింహళం నుంచి ఏనుగులు, హురుమంజి నుంచి గుర్రాలు, గోవా నుంచి సంకుమదం, చీనా నుంచి పట్టు. హురుమంజి అంటే పారసీక సింధుశాఖ ముఖద్వారంలోని హోర్ముజ్. ఇక ఆ రోజుల్లో మేలైన కర్పూరం పుట్టిల్లు సుమత్రా దీవి. పూజ గదిలో హారతిబిళ్ల వెలిగించే మనకు ఆనాటి కర్పూరం విలువ ఊహకు అందదు. అడవిచెట్టు మానును చీల్చి గీకి తీసే ఆ పలుకులు సముద్రాలు దాటి వచ్చేసరికి దాదాపు బంగారంతో సాటి వచ్చేవి.

అంతటి వెలగల వస్తువును పొడిచేసి, గంధంతో, కస్తూరితో కలిపి జనంపై చల్లడమే కర్పూర వసంతం. సాధారణంగా వసంతమంటే పసుపు, సున్నం కలిపిన ఎర్రని నీళ్లు. పెళ్లిళ్లలో వధూవరులు ఆడే వసంతాలు నేటికీ అవే. పేదవాడి వసంతంలో పసుపు ఉన్న చోట రాజు వసంతంలో కర్పూరం ఉండేది, అంతే తేడా. ఉత్సవ దినాల్లో కవులు, గాయకులు, నర్తకులు, నటులు కొండవీటికి చేరేవారు. కొత్త నాటకాల ప్రదర్శనకు, పండితుల సత్కారానికి అదే అదను.

ఇక్కడ కుమారగిరి రసికతను కేవలం భోగలాలసగా చూసేవారు ఒక విషయం గమనించాలి. ఆయన శాస్త్రకారుడు. తన బిరుదు పేరుతోనే వసంతరాజీయం అనే నాట్యశాస్త్ర గ్రంథాన్ని సంస్కృతంలో రచించాడు. ఆ గ్రంథం నేడు లేదు. మల్లినాథసూరి కుమారుడు కుమారస్వామి వంటి వ్యాఖ్యాతలు ఉదాహరించిన ముక్కల్లోనే అది మిగిలింది. పండుగ ఆయనకు విరామం కాదు, అధ్యయనంలో భాగం.

ఈ మాట అనడానికి ఆధారం కాటయ వేముడే. కాళిదాసు మూడు నాటకాలకూ ఆయన వ్యాఖ్యలు రాసి, వాటికి బావమరిది పేరు కలిసివచ్చేలా కుమారగిరిరాజీయమని పేరుపెట్టాడు. ఎంచుకున్న నాటకాలను చూస్తే కొండవీటి ముచ్చట తెలిసిపోతుంది. మాళవికాగ్నిమిత్రం వసంతోత్సవ సందర్భంలో ఆడుతున్న నాటకమని సూత్రధారుడే ప్రస్తావనలో ప్రకటిస్తాడు. అందులో రాణి ధారిణి ఊయల నుంచి పడి కాలు నొప్పితో ఉంటే, ఆమె బదులు మాళవిక గజ్జెకట్టిన పాదంతో అశోకాన్ని తాకుతుంది. అప్పుడు గానీ చెట్టు పూయదని నమ్మకం. శాకుంతలం ఆరవ అంకంలో దీనికి తలకిందులైన దృశ్యం. శకుంతలను పోగొట్టుకున్న దుష్యంతుడు దుఃఖంతో వసంతోత్సవాన్నే నిషేధిస్తాడు. ఆ ఆజ్ఞ తెలియని ఇద్దరు తోటకత్తెలు మావిచిగురు మొగ్గలు తుంచి మన్మథుడికి అర్పించబోతే కంచుకి మందలిస్తాడు. రాజుకు ప్రేమ దూరమైతే ఊరికి పండుగ ఉండదు. ఏటా పండుగ చేసే రాజు కొలువులో కూర్చుని, పండుగ ఆపిన రాజు కథకు వ్యాఖ్య రాసినప్పుడు కాటయ వేముడి మనసులో ఏమి మెదిలిందో.

ఆ వ్యాఖ్యాన పీఠికలోనే ఒక పేరు ఒకే ఒక్కసారి మెరుస్తుంది. లకుమాదేవి. కుమారగిరి తన కల్పనాశక్తితో సృష్టించిన వేలాది అభినయ భావాలను నిండు సభలో ఆమె నాట్యం చేసి చూపేదనీ, అది ఆ ప్రభువు మహిమ అనీ ఆ శ్లోకం తాత్పర్యం. మంత్రి, అదీ రాజు సోదరికి భర్త, శాస్త్రగ్రంథం తొలి పుటల్లో ఒక నర్తకి పేరు చెక్కాడంటే ఆమె స్థానం సామాన్యమైనది కాదు. శాస్త్రం రాజు రాశాడు, దానికి ప్రాణం పోసింది లకుమ.  

విచిత్రమేమంటే సరిగ్గా ఈ కాలంలోనే ప్రపంచం ఆవలి కొసన ఫిబ్రవరి 14 ప్రేమ పండుగగా రూపు దిద్దుకుంటోంది. వాలెంటైన్ మూడవ శతాబ్దపు రోమన్ క్రైస్తవ అమరుడు. ఆయన వర్ధంతికి ప్రేమతో సంబంధం ఉన్నట్లు వెయ్యేళ్లపాటు ఎవరూ పట్టించుకోలేదు. 1380ల ప్రారంభంలో ఆంగ్ల కవి జెఫ్రీ చాసర్ తన పక్షుల సభ కావ్యంలో, ఆ రోజున పక్షులన్నీ ప్రకృతిమాత ఎదుట చేరి జతగాళ్లను ఎంచుకుంటాయని కల్పించాడు. ఆ రోజును ప్రేమతో ముడిపెట్టిన తొలి రచనల్లో అది ఒకటి. లండన్‌లో ఆ కావ్యం వెలువడిన నాలుగైదేళ్లకు కొండవీటిలో కుమారగిరి పట్టాభిషిక్తుడయ్యాడు. చాసర్ మరణించిన 1400 నాటికి ఇక్కడ వసంతరాయలు ఇంకా కర్పూరం చల్లుతూనే ఉన్నాడు. ఒకరి గురించి ఒకరికి తెలియదు. అక్కడ పక్షులు, ఇక్కడ అశోకాలు. ఆ కాలానికి ఫిబ్రవరి 14 ఆస్థాన కవుల ఊహ, కొండవీటి వసంతం మాత్రం ఊరేగింపుతో సహా నడిచే ఉత్సవం. ఏది పాతది, ఏది కొత్తది అని వాదించేవారు ఈ సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

రాజ్యం సంగతులు అంత పరిమళంగా సాగలేదు. తూర్పున కాటయ వేముడు, రాకుమారుడు అనవోతుడు సేనలు నడిపి గోదావరి దాటి కళింగం వైపు చొచ్చుకుపోయారు. నేడు ఖరగ్‌పూర్ నుంచి తెలుగు నేలకు దిగే రైలు మార్గం చివరి భాగం ఇంచుమించు ఆ దండు నడిచిన తీరం వెంబడిదే. పడమట మాత్రం శ్రీశైల ప్రాంతం విజయనగర రాజు రెండవ హరిహరరాయల వశమైంది. తాతతండ్రులు మెట్లు కట్టించి, మండపాలు నిలిపిన క్షేత్రం చేజారడం చిన్న దెబ్బ కాదు. యువకుడైన అనవోతుడు తండ్రి కంటే ముందే కన్నుమూశాడు. వారసుడు లేని రాజు చుట్టూ దాయాదుల ఎత్తులు ముమ్మరమయ్యాయి. రాజమహేంద్ర రాజ్యాన్ని బావకు పంచి ఇవ్వడం పెదకోమటి వేముడికి మింగుడుపడని విషయం. 1402 నాటికి కుమారగిరి పాలన ముగిసింది, కొండవీటి సింహాసనం పెదకోమటి వేముడి పరమైంది. కాటయ వేముడు ఆ అధికారాన్ని అంగీకరించలేదు. కొండవీడు, రాజమహేంద్రవరం రెండు కత్తులై ఒకే ఇంటివారు ఏళ్ల తరబడి పోరాడుకున్నారు.

ఈ పతనానికి వసంతోత్సవాలే కారణమని, రాజు లకుమ మోజులో రాజ్యాన్ని మరిచాడని తీర్పు చెప్పడం తేలిక. కానీ చరిత్ర చూపే కారణాలు వేరు. రాజ్య విభజన, వారసుడి మరణం, దాయాది పగ, విజయనగరం ఒత్తిడి, వీటిలో దేనికీ కర్పూరంతో పని లేదు. పైగా గద్దె దక్కించుకున్న పెదకోమటి వేముడు ఏమీ విరాగి కాడు. అమరుకుడి ప్రణయ శతకానికి శృంగారదీపిక అనే ప్రసిద్ధ వ్యాఖ్య రాసినది ఆయనే. శ్రీనాథుణ్ణి విద్యాధికారిగా కొలువులో నిలిపినదీ ఆయనే. శృంగారాన్ని గ్రంథస్థం చేయడంలో ఇద్దరు శత్రువులూ ఒకరికొకరు తీసిపోలేదు. ఆయన తరువాత వచ్చిన రాచవేముడు బిడ్డ పుట్టితే పురిటి సుంకం విధించి, సవరం ఎల్లయ్య చేతిలో హతుడయ్యాడని లోకప్రతీతి. 1424తో కొండవీటి రెడ్ల కథ ముగిసింది. కర్పూరానికి ఖర్చు చేసిన రాజు పేరును జనం ముద్దుగా తలుచుకున్నారు, పురుళ్లపై పన్ను వేసిన రాజు పేరును చీదరించుకున్నారు.

అయిదున్నర శతాబ్దాల తరువాత ఈ కథకు రెండవ జన్మ కలిగింది. 1957లో యువకవి సి. నారాయణరెడ్డి కర్పూర వసంతరాయలు అనే గేయకావ్యాన్ని వెలువరించారు. అందులో రాజు లకుమ నాట్యంలో మునిగి రాజ్యాన్ని విస్మరిస్తాడు, రాణి వేదన తెలిసిన లకుమ తన ప్రాణాన్నే త్యాగం చేసి రాజును ప్రజలకు అప్పగిస్తుంది. తెలుగు పాఠకుల గుండెల్లో నిలిచిపోయిన లకుమ ఈ కావ్యంలోని లకుమే. చరిత్రలోని లకుమ మరణం గురించి కాటయ వేముడు ఒక్క మాట చెప్పలేదు. ఆమె నాట్యం చేసింది, చూసినవారు అబ్బురపడ్డారు, అంతవరకే ఆయన సాక్ష్యం. కావ్యసౌందర్యాన్ని తక్కువ చేయకుండానే ఒక మాట చెప్పుకోవచ్చు. ప్రేమించిన నర్తకిని చంపితే గానీ రాజు మంచివాడు కాడన్న ఊహ కవిది, ఆమె పేరును గౌరవంగా గ్రంథానికి ఎక్కించిన సంస్కారం ఆనాటి కొలువుది.

కొండవీటి ఉత్సవం రాజుతోనే పోయినా ఆచారాలు ముక్కలుముక్కలుగా బతికే ఉన్నాయి. తిరుమలలో చైత్ర పూర్ణిమతో ముగిసేలా మూడు రోజులు శ్రీవారికి వసంతోత్సవం జరుగుతుంది. ఎండ తాపం తీరేలా మూర్తులకు చందనం, పసుపు, సుగంధజలాలతో తిరుమంజనం చేస్తారు. పెళ్లింట వధూవరులు వసంతాలాడుతారు. ఊళ్లలో కాముడు కాలుతూనే ఉన్నాడు. ఖరగ్‌పూర్‌లో డోల్ పూర్ణిమనాడు తెలుగు పిల్లలు బెంగాలీ, ఒడియా, హిందీ మాట్లాడే పిల్లలతో కలిసి చల్లుకునే గులాలులో కర్పూరపు వాసన ఉండదు. చిమ్మనగొట్టం మాత్రం హర్షుడి నాటిక నాటిదే.

కుమారగిరి రచించిన వసంతరాజీయం కాలగర్భంలో కలిసింది. తిప్పయ్య సెట్టి ఓడలు ఆగిన మోటుపల్లి నేడు బాపట్ల జిల్లాలో ఒక చిన్న తీరగ్రామం. లకుమ పాదం మోపిన సభామండపం ఏదో చూపేందుకు కొండవీటి రాళ్లకు గుర్తు లేదు. బావమరిది మీది అభిమానంతో కాటయ వేముడు రాసిన వ్యాఖ్యలు మాత్రం మిగిలాయి. శాకుంతలం చదివే సంస్కృత విద్యార్థులు నేటికీ ఆ పుటలు తిప్పుతుంటారు, దుష్యంతుడు వసంతోత్సవాన్ని ఆపిన చోటుకు రావడానికి ఎంతో ముందే, పీఠికలోనే లకుమాదేవి వారికి ఎదురవుతుంది.